‘అక్కడ లేదు’ అని ఎప్పుడు చెప్పగలం? ఎయిర్ ఫ్రాన్స్ 447 గాలింపులో జలాంతర రోబోలు: ఒక కేస్ స్టడీ

2011 ఏప్రిల్ 3న, అట్లాంటిక్ మహాసముద్రం నడుమ అలూసియా అనే నౌక మీద సోనార్ చిత్రాలను, అంటే శబ్దపు ప్రతిధ్వనులతో తయారైన చిత్రాలను, పరిశీలిస్తున్న బృందానికి, సుమారు 3,900 మీటర్ల లోతున చదునైన ఒండ్రు నేల మీద మెరుపు మచ్చల గుంపు ఒకటి కనిపించింది. దాదాపు 600 మీటర్ల పొడవు, 200 మీటర్ల వెడల్పు ఉన్న ఆ గుంపు, 2009 జూన్ 1న రియో డి జనీరో నుంచి పారిస్ వెళ్తూ 228 మందితో సముద్రంలో కూలిపోయిన ఎయిర్‌బస్ ఏ330 విమాన శకలాలు. అంతకు ముందు మూడు విడతలుగా, రెండు వేసవుల పాటు, అణు జలాంతర్గామితో సహా ఎన్నో నౌకలు వెతికినా దొరకనిది, నాలుగో విడత మొదలైన వారం లోపే దొరికింది. దొరికిన చోటు కూడా ఆశ్చర్యం కలిగించేదే: విమానం చివరిసారి తన స్థానాన్ని తెలిపిన బిందువుకు ఉత్తర ఈశాన్యంగా కేవలం 6.5 నాటికల్ మైళ్లు, అంటే 12 కిలోమీటర్లు.

సముద్రగర్భ సర్వేలలో సోనార్ డేటాను శుద్ధిచేసి పటాలుగా మార్చడం నా వృత్తి. కాకినాడకు ఎదురుగా కృష్ణా-గోదావరి బేసిన్ లోతు నీళ్లలో పైపులైన్లు వేయబోయే దారులను కొలిచే నౌకల మీద కొన్నేళ్లు పనిచేశాను. మా పనిలోకి కొత్తగా వచ్చేవారికి నేను మొదట చదవమని ఇచ్చేది ఈ గాలింపు కథే. రోబోలు సముద్రాన్వేషణను మార్చేశాయనే మాట ఈ రోజుల్లో తరచుగా వినిపిస్తుంది. అవి సరిగ్గా దేన్ని మార్చాయో, దేన్ని మార్చలేకపోయాయో ఇంత స్పష్టంగా చూపే ఉదాహరణ నాకు మరొకటి తెలియదు.

ముందు సమస్య ఎంత పెద్దదో చూద్దాం. ఆ విమానం సుమారు పది నిమిషాలకోసారి ఉపగ్రహం ద్వారా తన స్థానాన్ని పంపుతూ ఉండేది. చివరి స్థానం గ్రీనిచ్ కాలమానం ప్రకారం 2 గంటల 10 నిమిషాలకు వచ్చింది. ఆ తరువాత లోపాలను తెలిపే స్వయంచాలిత సందేశాలు మరో నాలుగు నిమిషాల పాటు వచ్చి ఆగిపోయాయి. ఆ కొద్ది వ్యవధిలో విమానం ఎంత దూరం వెళ్లగలదో లెక్కకట్టి, చివరి స్థానం చుట్టూ 40 నాటికల్ మైళ్ల వ్యాసార్ధంతో ఒక వృత్తం గీశారు. దాని విస్తీర్ణం సుమారు 17,000 చదరపు కిలోమీటర్లు. 2022కు ముందున్న ప్రకాశం జిల్లా దాదాపు అంతే ఉండేది. జిల్లా అంతటినీ నాలుగు కిలోమీటర్ల మందం గల నీటి పొర కింద ఉంచి, అందులో కొంత భాగాన్ని కొండలతో, లోయలతో నింపి, చీకట్లో విమానం ముక్కలను వెతకమన్నట్టు ఊహించుకుంటే పని స్వరూపం అర్థమవుతుంది. ఆ ప్రాంతం మధ్య అట్లాంటిక్ పర్వతశ్రేణికి దగ్గరలోనిది. అక్కడి అడుగు పటాలు కూడా అప్పటికి అరకొరగానే ఉన్నాయి.

మొదటి విడత గాలింపు 2009 జూన్ 10 నుంచి జూలై 10 వరకు శబ్దం కోసం జరిగింది. బ్లాక్ బాక్సులుగా పిలిచే రెండు రికార్డర్లకూ ఒక్కొక్క పింగర్ తగిలించి ఉంటుంది. నీరు తగలగానే అది 37.5 కిలోహెర్ట్జ్ పౌనఃపున్యంలో టిక్కు టిక్కుమని మోగడం మొదలుపెడుతుంది. అప్పటి నిబంధనల ప్రకారం దాని బ్యాటరీ ముప్ఫై రోజులు పనిచేస్తే చాలు. అంత హెచ్చు పౌనఃపున్యపు శబ్దం నీటిలో రెండు మూడు కిలోమీటర్లకు మించి వినబడేలా ప్రయాణించదు కనుక, నాలుగు కిలోమీటర్ల లోతున ఉన్న పింగర్‌ను ఉపరితలం నుంచి వినడం అసాధ్యం. అందుకే అమెరికా నౌకాదళం నుంచి తెచ్చిన శ్రవణ పరికరాలను పొడవాటి తీగలకు కట్టి, లోతుగా దించి, నౌకల వెనుక లాగారు. ఫ్రాన్స్‌కు చెందిన ఎమెరోద్ అనే అణు జలాంతర్గామి కూడా వింటూ తిరిగింది. ఏమీ వినిపించలేదు. ఆ మౌనానికి చెప్పుకున్న అర్థమే తరువాతి రెండేళ్ల గాలింపును దారి తప్పించింది. ఆ విషయానికి మళ్లీ వస్తాను.

అదే ఏడాది జూలై, ఆగస్టులలో రెండో విడతగా నౌక లాగే, ఇరువైపులా అడుగును శబ్దంతో చూసే సైడ్ స్కాన్ సోనార్‌తో వెతికారు. 2010 ఏప్రిల్, మే నెలలలో మూడో విడత జరిగింది. అప్పుడే తొలిసారి రెమస్ 6000 అనే స్వయంచాలిత జలాంతర వాహనాలను, మా పరిభాషలో ఏయూవీలను, దించారు. అమెరికాలోని వుడ్స్ హోల్ సముద్ర పరిశోధన సంస్థ రూపొందించిన ఈ వాహనం నాలుగు మీటర్ల పొడవుతో, టార్పెడో ఆకారంలో, ఎనిమిది వందల కిలోలకు పైగా బరువుతో ఉంటుంది. ఆరు వేల మీటర్ల లోతు దాకా దిగగలదు. లిథియం బ్యాటరీలతో ఒక్క మునకలో ఇరవై గంటల వరకు పనిచేయగలదు. ఆ విడతలో మొత్తం సుమారు 6,300 చదరపు కిలోమీటర్లు గాలించారు. అయినా దొరకలేదు. విమానం దొరికిన నాలుగో విడతలోనూ యంత్రం అదే, నడిపినవారిలో చాలామంది వారే. వెతికిన చోటు వేరు. కేవలం రోబో వల్లే విమానం దొరికిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోలేకపోవడానికి కారణం ఈ మూడో విడతే.

అయితే ఆ యంత్రం తెచ్చిన మార్పు చిన్నదేమీ కాదు. నౌక లాగే పాత పద్ధతిలో నాలుగు వేల మీటర్ల లోతున ఒక సోనార్‌ను అడుగుకు దగ్గరగా నడపాలంటే, దాని వెనుక ఎనిమిది నుంచి పది కిలోమీటర్ల తీగ వదలాలి. ఒక వరుస పూర్తయ్యాక నౌక వెనక్కి తిరిగి, ఆ తీగ మళ్లీ సర్దుకుని, సోనార్ తన ఎత్తుకు చేరడానికి గంటలకు గంటలు పడుతుంది. ఒక్కోసారి గాలించిన సమయం కన్నా మలుపులకు పట్టిన సమయమే ఎక్కువ. ఎదురుగా కొండ వస్తే తీగను చుట్టి సోనార్‌ను పైకి లేపాలి, కొండ దాటాక మళ్లీ దించాలి. ఆ లోపల కొండ వెనుక లోయ మొత్తం చూడకుండానే వదిలివేయబడుతుంది. సముద్రపు కెరటాలకు నౌక ఊగితే ఆ ఊపు తీగ వెంట దిగి చిత్రంలో అలలు అలలుగా కనిపిస్తుంది. అలాంటి చిత్రాలను సరిచేయడానికి రాత్రులు కూర్చున్నవాణ్ని కనుక, తీగ లేకపోవడం ఎంత పెద్ద వరమో నాకు తెలుసు.

ఏయూవీకి తీగ లేదు, నడిపే మనిషీ లేడు. రేడియో తరంగాలు సముద్రపు నీటిలోకి చొచ్చుకుపోవు కనుక జీపీఎస్ అక్కడ పనికిరాదు. వాహనం తన లోపలి జడత్వ మార్గదర్శక పరికరంతోనూ, అడుగుకు శబ్దాన్ని పంపి తన వేగాన్ని కొలుచుకునే డాప్లర్ పరికరంతోనూ తానెక్కడున్నదో లెక్కగట్టుకుంటుంది. ఆ లెక్కలో పేరుకునే తప్పును, ముందుగానే అడుగున దించి ఉంచిన శబ్ద బీకన్ల నుంచి దూరాలు కొలిచి దిద్దుకుంటుంది. నౌకతో మాట్లాడాలన్నా శబ్దమే దిక్కు. నీటిలో శబ్దం సెకనుకు సుమారు 1,500 మీటర్లు పోతుంది. అంటే 3,900 మీటర్ల లోతుకు ఒక ప్రశ్న పంపి జవాబు అందుకోవడానికి అయిదు సెకన్లకు పైగా పడుతుంది, అదీ నాలుగైదు అంకెల సమాచారమే. సోనార్ చిత్రమంతా వాహనం పైకి వచ్చాక దాని జ్ఞాపకంలోంచి దించుకోవలసిందే. కాబట్టి దిగిన వాహనం ఏం చూస్తున్నదో పైనున్నవారికి ఆ ఇరవై గంటలూ తెలియదు. అడ్డంకి వస్తే తప్పుకోవడం, ఎత్తును కాపాడుకోవడం, ఏదైనా చెడిపోతే బరువులు వదిలేసి పైకి తేలడం, అన్నీ అది సొంతంగా నిర్ణయించుకోవాలి. స్వయంచాలితం అనే మాటకు ఇక్కడ ఉన్న అర్థం ఇదే.

వాహనం నేలకు కొన్ని పదుల మీటర్ల ఎత్తున, రైతు దుక్కి దున్నినట్టు, ఒక సాలు వెంట వెళ్లి పక్క సాలు వెంట తిరిగి వస్తుంది. ఇరువైపులా సుమారు 700 మీటర్ల దూరం వరకు శబ్దాన్ని పంపి ప్రతిధ్వనిని నమోదు చేస్తుంది. అంత దూరం పోయి రావడానికి శబ్దానికి దాదాపు ఒక సెకను పడుతుంది కనుక సెకనుకు ఒక్క కేక మాత్రమే వేయగలదు. ఆ సెకనులో వాహనం రెండు మీటర్ల లోపు ముందుకు కదులుతుంది. ఇలా గీత పక్కన గీతగా చిత్రం తయారవుతుంది. గట్టి వస్తువు మెరుస్తుంది, మెత్తని ఒండ్రు శబ్దాన్ని మింగి నల్లగా ఉంటుంది, నేల నుంచి లేచి ఉన్న ప్రతి వస్తువు వెనుకా నీడ పడుతుంది. చిత్రం చదివేవారు ముందుగా చూసేది ఆ నీడనే. బండరాయి నీడ ఎలా ఉన్నా ఉండవచ్చు గాని, తిన్నని అంచులు, లంబకోణాలు ఉన్న నీడ మనిషి చేసిన వస్తువుదే అయ్యే అవకాశం ఎక్కువ. అనుమానం కలిగిన చోటికి వాహనాన్ని మళ్లీ దించి, ఈసారి పది మీటర్ల ఎత్తున ఎగురుతూ ఫ్లాష్ దీపంతో ఫొటోలు తీయిస్తారు. 2011 ఏప్రిల్‌లో అలా తీసిన ఫొటోలలోనే ఇంజిన్, చక్రాల అమరిక, రెక్క భాగం గుర్తుపట్టేంత స్పష్టంగా కనిపించాయి.

ఇక ఎక్కడ వెతకాలన్న ప్రశ్న. ప్రమాదం జరిగిన కొన్ని రోజుల తరువాత నీటి మీద తేలుతున్న శకలాలు, మృతదేహాలు కనిపించాయి. అవి ప్రవాహాలలో కొట్టుకువచ్చిన దారిని వెనక్కి లెక్కగట్టి, విమానం చివరి స్థానానికి వాయవ్యంగా పడి ఉంటుందని నిపుణులు అంచనా వేశారు. మూడో విడత గాలింపు ప్రధానంగా అక్కడే జరిగింది. భూమధ్యరేఖ దగ్గర ప్రవాహాలు నిలకడలేనివి. అయిదారు రోజుల వెనక్కి లెక్క పోయేసరికి తప్పు ఎంత పెరుగుతుందో ఊహించడం కష్టం కాదు. ఆ విడత సాగుతుండగానే, ఎమెరోద్ జలాంతర్గామి రికార్డులను మళ్లీ పరిశీలించినప్పుడు పింగర్ శబ్దం వంటిదేదో దొరికిందని మరో చోటికి నౌకను మళ్లించారు. అక్కడా ఏమీ లేదు.

అప్పుడు ఫ్రాన్స్ విమాన ప్రమాద దర్యాప్తు సంస్థ బీఈఏ, అమెరికాలోని మెట్రాన్ అనే గణిత సంస్థను సంప్రదించింది. లారెన్స్ స్టోన్, కొలీన్ కెల్లర్ తదితరులున్న ఆ బృందం 2011 జనవరిలో ఇచ్చిన నివేదికను నేను ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. వారు అంతవరకు పోగైన సమాచారాన్నంతటినీ ఒక సంభావ్యతా పటంగా మార్చారు. వృత్తంలోని ప్రతి గడికీ, శకలాలు అక్కడ ఉండే అవకాశమెంత అనే అంకె ఇచ్చారు. అదుపు తప్పి కూలిన పాత విమానాల వివరాలు చూస్తే, అవన్నీ కష్టం మొదలైన చోటుకు 20 నాటికల్ మైళ్ల లోపే పడ్డాయని తేలింది. దాంతో మధ్య గడులకు బరువు పెరిగింది. తరువాత, వెతికి దొరకని ప్రతి ప్రయత్నానికీ ఆ గడి అంకెను తగ్గించారు. ఎంత తగ్గించాలన్నది ఆ ప్రయత్నం ఎంత నమ్మదగినదో దాన్నిబట్టి ఉంటుంది. పట్టపగలు గది మూలమూలా ఊడ్చి తాళంచెవి లేదనడం వేరు, దీపం లేని గదిలో చేత్తో తడిమి లేదనడం వేరు.

అసలు చిక్కు పింగర్ల దగ్గర ఉంది. చివరి స్థానం చుట్టూ 2009 జూన్‌లోనే శ్రవణ పరికరాలు తిరిగాయి. శకలాలకు దగ్గరగా కూడా అవి వెళ్లాయని తరువాత తేలింది. వినిపించలేదు కనుక అక్కడ లేదని అందరూ ఆ మధ్యభాగాన్ని పక్కన పెట్టారు. కాని పింగర్లు పనిచేస్తూ ఉంటేనే ఆ వాదం నిలబడుతుంది. ఒక్కో పింగర్ ప్రమాదాన్ని తట్టుకుని పనిచేసే అవకాశం 80 శాతం అనుకుందాం. రెండూ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా చెడిపోతాయనుకుంటే, రెండూ మూగబోయే అవకాశం 4 శాతమే. అయితే రెండూ ఒకే విమానంలో, ఒకే దెబ్బ తిన్నవి. ఒకటి పగిలిన చోట రెండోది కూడా పగలడం వింత కాదు. అప్పుడు ఆ 4 శాతం చాలా పెరుగుతుంది. రెండు పింగర్లూ పనిచేయలేదన్న ఊహతో మెట్రాన్ బృందం పటాన్ని తిరిగి లెక్కగట్టగా, సంభావ్యత అంతా చివరి స్థానం దగ్గరకు వచ్చి కుప్పపడింది. దాని మీద ఆధారపడి అలూసియా 2011 మార్చి 25న బ్రెజిల్‌లోని సువాపె రేవు నుంచి మూడు రెమస్ వాహనాలతో బయలుదేరింది. వాటిలో రెండు అమెరికాలోని వెయిట్ సంస్థవి, ఒకటి జర్మనీలోని కీల్ సముద్ర పరిశోధనా సంస్థది. మిగతా కథ మొదట చెప్పాను. తరువాత రిమోట్‌తో నడిచే రెమోరా 6000 అనే వాహనం మే 1న డేటా రికార్డర్‌ను, మే 3న కాక్‌పిట్ మాటల రికార్డర్‌ను పైకి తెచ్చింది. దానితో పాటు దొరికిన పింగర్‌ను పరీక్షిస్తే అది పనిచేయలేదు.

దాదాపు రెండేళ్లు నీటి అడుగున ఉన్నప్పటికీ ఆ రికార్డర్లు చదవడానికి వీలయ్యాయి. వేగాన్ని కొలిచే పీటో గొట్టాలకు మంచు పలుకులు అడ్డుపడటం, ఆటోపైలట్ తప్పుకోవడం, విమానం రెక్కలకు ఎత్తే బలం చాలని స్థితిలో, అంటే స్టాల్‌లో పడినట్టు సిబ్బంది గుర్తించలేకపోవడం, ఇవన్నీ వాటి ద్వారానే తెలిశాయి. పింగర్ల ఆయువును ముప్ఫై రోజుల నుంచి తొంభైకి పెంచాలన్న నిబంధన కూడా ఈ ప్రమాదం తరువాతే వచ్చింది. అన్నిటికన్నా ముఖ్యంగా, 104 మంది మృతదేహాలు ఆ లోతు నుంచి పైకి వచ్చి తమవారిని చేరాయి.

నా సొంత పనిలో జరిగిన ఒక తప్పును ఇక్కడ చెప్పాలి. ఒక పైపులైన్ దారి సర్వేలో, సమయం కలిసి వస్తుందని సాళ్ల మధ్య దూరాన్ని ప్రణాళిక కన్నా పెంచారు. సైడ్ స్కాన్ సోనార్‌కు తన సరిగ్గా కింద ఒక సన్నని పట్టీ సరిగా కనిపించదు, నేడిర్ అంటాము. పక్క సాలు నుంచి వచ్చే చిత్రం ఆ పట్టీని కప్పాలి. దూరం పెరిగినందువల్ల పక్క సాలు అంచు చిత్రం, అంటే అన్నిటికన్నా బలహీనమైన చిత్రం, దాని మీద పడింది. పటంలో నేను ఆ పట్టీలకు కూడా మిగతా ప్రాంతానికి వేసిన ఆకుపచ్చ రంగే వేసి, ‘అడ్డంకులు లేవు’ అని రాశాను. మరుసటి సీజన్‌లో తిరిగి కొలిచినప్పుడు, ఆ ఆకుపచ్చలో ఒకచోట పాత లంగరు గొలుసు పొడవునా పడి ఉంది. పైపు ఇంకా వేయలేదు కనుక దారిని కొంచెం జరిపారు. నష్టం అంతటితో ఆగింది. కాని నేను చూడనిచోట లేదని రాశాను. 2009లో మౌనాన్ని ‘లేదు’గా చదివినవారు చేసిన పొరపాటుకూ నాదానికీ తేడా లేదు. అప్పటి నుంచి నా పటాలలో వెతికి దొరకని చోటుకు ఒక రంగు, సరిగా వెతకలేకపోయిన చోటుకు మరో రంగు ఉంటాయి. రెండోదానిలో ఎందుకు వెతకలేకపోయామో పక్కనే రాస్తాను.

స్వయంచాలిత వాహనం నిజంగా మార్చింది దీన్నే అని నా అభిప్రాయం. అది నేలకు ఒకే ఎత్తున, ఒకే వేగంతో, అలసిపోకుండా సాలు తరువాత సాలు తిరుగుతుంది కాబట్టి, దాని ‘లేదు’ అన్న మాటకు ఒక కొలత ఉంటుంది. 2018లో మలేసియా విమానం ఎంహెచ్370 కోసం ఓషన్ ఇన్ఫినిటీ సంస్థ ఒకే నౌక నుంచి ఒకేసారి పలు ఏయూవీలను దించి, కొన్ని నెలలలోనే 1,12,000 చదరపు కిలోమీటర్లకు పైగా గాలించింది. విమానం దొరకలేదు. దాన్ని వైఫల్యమని పత్రికలు రాశాయి. ఆ పటం చూసిన సర్వే మనిషి అలా అనడు. అంత సముద్రాన్ని ఇక మీద వెతికేవారు పెద్దగా అనుమానించకుండా పక్కన పెట్టగలరు, కొండచరియలు, లోతైన లోయలు ఉన్న కొన్ని చోట్లు మినహా.

మన బంగాళాఖాతంలోనూ ఇటువంటి గాలింపు ఒకటి ఉంది. 2016 జూలై 22న తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్ బయలుదేరిన వాయుసేన ఏఎన్-32 విమానం, కే-2743, 29 మందితో కనిపించకుండా పోయింది. వారిలో ఎనిమిది మంది విశాఖపట్నంలోని నౌకాదళ ఆయుధాగారం ఉద్యోగులు. నౌకలు, విమానాలు, జలాంతర్గామి, ఉపగ్రహ చిత్రాలు అన్నీ వాడి వారాల తరబడి వెతికినా ఒక్క ముక్క దొరకలేదు. సెప్టెంబరులో గాలింపు ఆపి, అందరూ మరణించినట్టు భావిస్తున్నామని కుటుంబాలకు తెలియజేశారు.

2024 జనవరి 12న రక్షణ శాఖ ఒక ప్రకటన చేసింది. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ, ఎన్ఐఓటీ, తన ఏయూవీని ఆ విమానం చివరిసారి కనిపించిన చోట దించి, 3,400 మీటర్ల లోతున మల్టీబీమ్ సోనార్‌తో, సింథటిక్ అపర్చర్ సోనార్‌తో, కెమెరాతో వెతికింది; చెన్నై తీరానికి సుమారు 310 కిలోమీటర్ల దూరంలో శకలాలు కనిపించాయి; ఆ ఫొటోలు ఏఎన్-32 విమానానికి సరిపోలాయి; ఆ ప్రాంతంలో మరే విమానమూ గల్లంతైన దాఖలా లేదు. సింథటిక్ అపర్చర్ సోనార్ గురించి ఒక మాట: వాహనం ముందుకు సాగుతూ వేసిన అనేక కేకల ప్రతిధ్వనులను కలిపి, ఒకే పొడవాటి శ్రవణ పరికరం విన్నట్టుగా గణితంతో చిత్రం కడుతుంది. అందువల్ల మామూలు సైడ్ స్కాన్‌లో దూరం పెరిగేకొద్దీ మసకబారే చిత్రం ఇందులో అంచు వరకూ పదునుగా ఉంటుంది. గంగా బ్రహ్మపుత్రలు లక్షల ఏళ్లుగా తెచ్చిపోసిన మెత్తని ఒండ్రు పరుచుకున్న బంగాళాఖాతపు అడుగులో కొండల నీడల బెడద తక్కువ. లోహం ఉంటే మెరుస్తుంది. కాని ఆ ఒండ్రులో చిన్న ముక్కలు కూరుకుపోయి కనిపించకుండా పోవచ్చు కూడా. అట్లాంటిక్‌లో లాగానే ఇక్కడా విమానం, అందరికీ ముందు నుంచీ తెలిసిన చివరి స్థానం దగ్గరే దొరికింది. 2016లో ఆ చోట నీటి మీద వెతికారు. ఆ లోతులో అడుగును సాలు సాలుగా చూసే సాధనం మనకు తరువాత వచ్చింది. విశాఖలోని ఆ ఎనిమిది ఇళ్లకు, ఏడున్నరేళ్ల తరువాత, తమవారు ఉన్న చోటుకు ఒక అక్షాంశం, ఒక రేఖాంశం ఏర్పడ్డాయి.